గుంత వంతు

మా చెల్లెలి కొడుకు బాబు ట్రాక్టరును వెనక్కి నడిపినంత బాగా ఈ జిల్లాలో ముందుకు నడిపేవాళ్ళు కూడా లేరు. మేనమామను కాబట్టి చెబుతున్నానంటారు. సరే, నమ్మకండి. ఒకసారి సిరుగుప్ప మిల్లులో వడ్లు దింపి, అక్కణ్ణుంచి రూపనగుడి దాకా ట్రాలీతో సహా వెనక్కే వచ్చాడు. ఇంటికి వచ్చి చూసుకుంటే ట్యాంకులో డీజిలు బయల్దేరినప్పటికంటే ఎక్కువుంది. ఇది మాత్రం తప్పకుండా నమ్మండి, ఎందుకంటే దీన్ని నేనే కల్పించాను.

కల్పన కానిది చెబుతాను. మా వైపు జాతరల్లో ట్రాక్టర్ రివర్స్ పందెం అని ఒకటుంది. కోతలయ్యాక ఒక చేను చదును చేసి, రెండు వరుసల్లో జెండాలు పాతుతారు. ట్రాలీ తగిలించిన ట్రాక్టరును ఆ జెండాల మధ్య వెనక్కి నడుపుకుంటూ పోవాలి. ట్రాలీ గుణం తోలినవాళ్ళకే తెలుసు. స్టీరింగు కుడికి తిప్పితే అది ఎడమకు పోతుంది, గట్టిగా చెబితే అడ్డం తిరిగి నిలబడుతుంది, అచ్చం నా లాగే. జెండా తగలకుండా అందరికంటే ముందు చివరకు చేర్చినవాడిది గెలుపు.

సిరిగేరి జాతరలో బాబు ఈ పందెం వరుసగా రెండేళ్ళు గెలిచాడు. మూడోసారి గెలిస్తే చేతికి వెండి కడెం తొడుగుతారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. బళ్ళారిలో ట్రాక్టర్లమ్మే షాపువాళ్ళు, కడెం గెలిచినవాణ్ణి తమ దగ్గరే పెట్టుకుని జాతరకో కొత్త బండి ఇచ్చి నడిపిస్తామన్నారు. యూనిఫారం, నెలజీతం, బళ్ళారిలో కాపురం. బాబు పెళ్ళాం జయశీల అప్పుడే వాళ్ళ పాప కెరోలిన్‌కు అక్కడ బడి కూడా చూసిపెట్టుకుంది. బాబు నడిపే ట్రాక్టరు మా ఊరి భీమప్ప గౌడది. మా రూపనగుడి బండి మూడుసార్లు గెలిచిందని నాలుగూళ్ళవాళ్ళూ చెప్పుకుంటే వినాలని ఆయన ఆశ.

ఇక మా సంఘం సంగతి. మా ఊళ్ళో మిషన్ దొరల కాలం నాటి చిన్న గుడి ఒకటుంది. మాదంతా ఆ గుడి చుట్టూ ఉన్న కొన్ని ఇళ్ళ సంఘం. మాలో ఎవరు పోయినా గుంతను కూలికి తవ్వించం. నెలకు రెండిళ్ళకు వంతు వస్తుంది. వంతున్నవాడే మొదటి గడ్డపార వెయ్యాలి, పెట్టె దించేటప్పుడు తలవైపు తాడు పట్టాలి. ఏడాది మొదటి ఆరాధనలో ప్రభువు బల్ల ముందు నిలబడి ఈ వంతు ఒప్పుకుంటాం. మా తాతల కాలంలో ఒకడు తన వంతును సారాయి సీసాకు అమ్ముకున్నాడట. కొన్నవాడు తాగి ఆ గుంతలోనే నిద్రపోయి, తెల్లారి లేచి, పునరుత్థానం వచ్చేసిందనుకుని పాటెత్తుకున్నాడట. అప్పటినుంచి వంతు మార్చుకోకూడదని పెద్దలు కట్టడి చేశారని చెబుతారు. చెబుతారంటే, నేనే చెబుతాను.

పందెం పడిన నెల వంతు బాబుదీ నాదీ. నన్ను చూసి గడ్డపార నవ్వే వయసుకు వచ్చాను గనక, పనంతా బాబుదే.

యంకమ్మవ్వ కూడా మా సంఘమే, కానీ మా ఇళ్ళల్లో పుట్టిన మనిషి కాదు. ఊరి అవతలి వీధి. కొడుకు హులిగప్పకు నాలుగెకరాల మెట్ట చేను ఉంది. బాబు ఒక ఏడు ఆ చేను దున్నుతూ, ఇంజను చప్పుడును మించి గొంతెత్తి క్రీస్తు పాటలు పాడుకున్నాడు. వాడి గొంతుకు కాకులు కూడా ఊరు మారతాయి. అయినా యంకమ్మవ్వ మజ్జిగ చెంబుతో గట్టు మీదే నిలబడి అంతా విని, "ఎవర్నప్పా అంత ప్రేమగా పిలుస్తాండావు?" అని అడిగిందట. వాడు ట్రాక్టరు ఆపి చెప్పాడు. మరుసటి ఏడు ఆమె ఒక్కతే గుడికి వచ్చి కూర్చుంది. బాప్తిస్మమప్పుడు అయ్యగారు కొత్త పేరేమైనా పెట్టమంటావా అని అడిగితే, "యాల? ఆయనకు నా పేరు తెల్దా?" అంది.

ఆమెకున్న భయం ఒక్కటే. ఒక ఆదివారం అందరి ముందూ అడిగేసింది. "నా కొడుకు నవ్వుతాండాడప్పా. పాటలప్పుడు ఉంటారు గానీ నువ్వు సస్తే మట్టెయ్యను ఎవడొస్తాడు అంటాడు. ఖరేనా?"

బాబు లేచి నిలబడ్డాడు. "నేను తవ్వుతా అవ్వా. యేసుసామి పేరు మీద చెప్తాండా."

ఆమె ఇంటికి పోయి కొడుకుతో ఆ మాటే చెప్పిందట. ఊరంతా చెప్పిందట.

పందెం రోజు మా సంఘంలో మగవాడన్నవాడు ఒక్కడూ ఊళ్ళో మిగల్లేదు. మావాడు కడెం తొడుక్కుంటుంటే చూడాలని అందరూ ఆ ట్రాలీలోనే ఎక్కి సిరిగేరికి వచ్చారు. ట్రాలీలో కూర్చుంటే నా నడుము ఎన్ని ముక్కలవుతుందో నాకు తెలుసు కాబట్టి నేను నా మోపెడ్ మీద వెనకే వచ్చాను.

ఎండ మాడుతోంది. పొద్దుటి పందేలన్నీ అయిపోయాయి. చివరి పందెంలో మిగిలింది బాబూ, సిరుగుప్ప గోపీకృష్ణా. ముఖ్య అతిథి రానిదే చివరి పందెం మొదలుకాదు. మైకులో ఒకాయన "ఇన్నేను బందే బిట్రు, బందే బిట్రు" అని కన్నడంలో అంటూనే ఉన్నాడు. వచ్చేశారు, వచ్చేశారు అని. వచ్చేసినవాళ్ళు ఎక్కడా కనబడలేదు. నేను ట్రాలీ నీడలో బొరుగులు తింటుంటే ఫోను మోగింది. జయశీల.

"మామా, యాడుండావు? బాబు పక్కనుండాడా?"

"లేడు. అదిగో, బండి తుడుస్తాండాడు. ఆ బండిని నిన్ను చూసినట్టు చూస్తాండాడులే వాడు."

"ఎగతాళి వద్దు మామా. యంకమ్మవ్వ పాయ. పొద్దున గోడకానుకోని కూసుండె, అట్లే పాయ."

బొరుగులు నోట్లోనే ఉండిపోయాయి. "హులిగప్ప ఏమంటాడు?"

"పొద్దు గుంకేలోపల మీవాళ్ళు గుంత తవ్వితే మీ సమాధుల తోటలోనే పెట్టుకోండి, నేనేం అడ్డం రాను అన్నాడు. లేకుంటే మా చేని గట్టున మా పద్ధతిలో పెట్టుకుంటాం, రాత్రంతా ఉంచుకునేది లేదు అన్నాడు. ఆ మాటా న్యాయమే కదా? అయ్యగారు బళ్ళారి నుంచి బయల్దేరినారు. గుంత తవ్వనీకే ఊర్లో ఒక్క మగోడు ల్యా." గొంతు తగ్గించింది. "మామా... వానికి ఇప్పుడే చెప్పాకు. పందెం కానీ. ఎంతసేపు అయితాది?"

అప్పుడే మైకు మళ్ళీ "బందే బిట్రు" అంది. నేను పొద్దు వైపు చూశాను. అది మాత్రం ఎవరికోసమూ ఆగేట్టు కనబడలేదు. జయశీల బాధ నాకు తెలియనిది కాదు. తండ్రి కూలి, తాత కూలి, ఇంట్లోకి వస్తున్న మొదటి నెలజీతం అది. కానీ మాటిచ్చినవాడు వాడు. వాడి బదులు మనమెవరం నిర్ణయించడానికి? పోయి చెప్పాను.

బాబు చేతిలో గుడ్డ స్టీరింగు మీదే నిలిచిపోయింది. హులిగప్ప ఏమన్నాడని అడిగాడు. చెప్పాను. వాడు జెండాల వైపు చూడలేదని చెబితే అబద్ధం. చూశాడు, బాగానే చూశాడు. తర్వాత తాళంచెవి తీసి జేబులో వేసుకుని, చెప్పులు వేసుకుని కిందికి దిగాడు.

"నీ మోపెడ్డు యాడ పెట్టినావు మామా?"

ఈ లోపల మా వాళ్ళందరూ చుట్టూ మూగారు. సంఘం కోశాధికారి ఆశీర్వాదం ముందుకొచ్చాడు. మంచివాడే, మాట తీయన, అదే చిక్కు.

"బాబూ, నువ్వెందుకు పోవాల? నేను నలుగుర్ని తీసుకోని పోతా. గుంత మేం తవ్వుతాం. నువ్వు గెలువు. గెలిచినంక మైకు చేతికిస్తారు గదా, అప్పుడు చెప్పు, నన్ను గెలిపించింది యేసుసామి అని. ఎన్ని వేలమంది ఉండారో చూడు ఈడ! ఇంతకన్నా సాక్ష్యం ఏముంటాది?"

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నా మనసు కూడా ఊగింది. చెవికి ఎంత బాగుందో చూడండి. చుట్టూ ఉన్నవాళ్ళు "ఔనప్పా, ఔను" అన్నారు.

బాబు తల అడ్డంగా ఊపాడు. "ఆయన పేరు మీద మాటిస్తిని అన్నా. మళ్ళీ ఆ పేరే మైకులో చెప్పేదానికి ఆ మాట తప్పాల్నా?"

ఆశీర్వాదం జనం వైపు చూపిన చెయ్యి దించుకున్నాడు.

జనాన్ని తోసుకుంటూ భీమప్ప గౌడ వచ్చాడు. కొత్త పంచె, మెడలో పూలదండ. కడెం గెలవకముందే దండ వేసుకున్న మనిషి.

"ఏమప్పా, యాల దిగినావు? ఎక్కు, ఎక్కు."

"మా సంఘంలో ఒక అవ్వ పోయింది గౌడా. గుంత వంతు నాది. పోవాల."

"పోదువులే, ఎవరొద్దన్నారు? పందెం అయితానే నా జీపులో నేనే దింపుతా. నేనూ వస్తా మట్టికి. సరేనా?"

"నల్లరేగడి గౌడా, ఎండకు రాయైపోయింటాది. ఇప్పుడు మొదలుపెడితేనే పొద్దు గుంకేలోపల అయ్యేది. పందెం ఎప్పుడు మొదలయితాదో మీకూ తెల్దు, నాకూ తెల్దు."

"బాబూ!" గౌడ వాడి భుజం పట్టుకుని ఊపాడు. కోపమో ఏడుపో నాకు తెలియలేదు, రెండూ అయివుంటాయి. "రెండేండ్లు నిన్ను కొడుకు లెక్క చూస్తిని. ఈడ ఇన్నూర్లోళ్ళ ముందర నా మొగం యాడ పెట్టుకోవాల? సచ్చినామె వచ్చి అడుగుతాదా నిన్ను?"

"ఆమె అడగదు గౌడా."

"మల్ల?"

బాబు జేబులోంచి ట్రాక్టరు తాళంచెవి తీసి రెండు చేతులతో ఆయనకు అందించాడు. "మీరు నన్ను బాగా చూసుకున్నారు. నేను మరిచిపోను. ఈ కడెం నాకూ కావాల గౌడా. లేదంటే అబద్ధమైతాది. అయితే ఆయన ముందర ఇది ఎంత?"

"పో. పోతే ఇంగ నా ట్రాక్టరు ఎక్కాకు."

"సరే గౌడా," అన్నాడు వాడు. ఆ 'సరే' వినడానికి గౌడ సిద్ధంగా లేడు పాపం. తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మేము మోపెడ్ ఎక్కాము. నేను ముందు, ఆరడుగుల వాడు వెనక. దారి పొడుగునా ముందు చక్రం నేలను తాకలేదని మా ఇంట్లో చెప్పాను, ఎవరూ నమ్మలేదు. వరిమళ్ళు దాటి మెట్ట చేలలోకి వచ్చాం. అప్పుడు వాడు, "జయశీలకు ఏం చెప్పాల మామా?" అన్నాడు. "నాకు పెండ్లయి నలభై ఏండ్లాయ, ఆ ప్రశ్నకు నాకే జవాబు దొరకల్యా," అన్నాను. వెనక నవ్వు వినబడలేదు.

జయశీల సమాధుల తోట దగ్గరే నిలబడి ఉంది. చేతిలో గడ్డపార, పార, నీళ్ళ బిందె. నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు నా మీసం ఒక పక్క మాడిపోయింది. కళ్ళు తుడుచుకుని గడ్డపార మొగుడి చేతికిచ్చింది.

"వస్తావనే ఇవి తెచ్చినా," అంది. "రాకూడదని గూడ అనుకున్నా."

"నాకు తెలుసు," అన్నాడు బాబు.

నల్లరేగడి వానకు జిగురు, ఎండకు ఇనుము. ఆ తోటలో నెర్రెలు ఎంత లోతంటే, మా ఇంటి కోడి ఒకటి అందులో పడి, రెండు నెలలకు పక్క చేనులో పిల్లలతో సహా పైకి వచ్చింది. అలాంటి నేల. బాబు తల దించి చిన్న ప్రార్థన చేసి మొదటి పోటు వేశాడు. గడ్డపార టంగుమని లేచింది. మళ్ళీ వేశాడు. పెళ్ళలు ఇటుకల్లా లేచాయి. నేను గట్టు మీద కూర్చుని, పెళ్ళలు అవతలికి విసిరేస్తూ, ఆడవాళ్ళకు యంకమ్మవ్వ సంగతులు చెబుతున్నాను. ఒక్కొక్కటి చెబుతుంటే వాళ్ళు నవ్వడం, వెంటనే ఏడవడం.

కంచె అవతల హులిగప్ప నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, దాయాదుల మధ్యన. చాలాసేపు చూశాడు. ఆఖరికి కంచె దగ్గరికి వచ్చాడు.

"పందెం ఇడ్సి వచ్చినావంట?"

"ఊఁ."

"గెలిచేటోనివేనా?"

బాబు గడ్డపార మీద ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. "గెలిచేటోన్నే," అన్నాడు. వినయం గినయం ఏమీ లేదు. ఉన్న మాట.

"మల్ల మా యమ్మ నీకేమైతాదని వస్తివి?"

"నీ చేను దున్నేటప్పుడు ఆమెకు యేసుసామి సంగతి చెప్పింది నేను. మా వాళ్ళు వస్తారని ఆమె నీకు చెప్పింటాది కదా? నేను రాకుంటే నా మాట పోతే పోయె, ఆమె నమ్మింది అబద్ధమని నువ్వు అనుకుందువు."

హులిగప్ప దాయాదుల దగ్గరికి తిరిగి పోలేదు. కంచె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

ఇంతలో నా ఫోను మోగింది. సిరిగేరి నుంచి ఎవరో పిల్లవాడు అరుస్తున్నాడు. ముఖ్య అతిథి వచ్చారట. గౌడ తన కొడుకు హనుమేష్‌ను బండి ఎక్కించాడట, వాడు నాలుగు జెండాలు పడగొట్టి ట్రాలీని మిరపకాయ బజ్జీల అంగడి ముందర ఆపాడట. గోపీకృష్ణ గెలిచాడు. కడెం తొడిగేశారు. ఫోనులో టపాకాయల చప్పుడు వినబడుతోంది.

గుంతలో గడ్డపార ఆగింది. "ఎంత టైములో కొట్టినాడంట?" అని అడిగాడు బాబు.

అడక్కుండా ఉంటే బాగుండునని అనుకున్నాను. అడిగినందుకు వాడి మీద ప్రేమ ఇంకా పెరిగింది. "నీకంటే నిదానమేలే. నత్త గూడ దిగి పక్కన నడిచిందంట."

"ఖరే చెప్పు మామా."

"ఖరేగానే నిదానమంటరా."

వాడు నుదురు తుడుచుకున్నాడు. తర్వాత, "ఆ ఫోను బందు చెయ్," అని గడ్డపార ఎత్తాడు. ఆ పోటుకు పెద్ద పెళ్ళ ఒకటి నిలువునా చీలింది.

నడుము లోతుకు పోయేసరికి కింద సున్నపురాతి పొర తగిలింది. పొద్దు వాలుతోంది. బాబు అరచేతులు పగిలి, గడ్డపార జారుతోంది. జయశీల తన కొంగు చింపి వాడి చేతులకు చుట్టింది. అప్పుడు సాయంత్రం బస్సు ఆగింది. ఆశీర్వాదం, ఇంకో ఇద్దరు దిగారు. పందెం చూడకుండానే వచ్చేశారట. ఒకడి చేతిలో జాతర మిఠాయి పొట్లం ఇంకా అలాగే ఉంది, పడెయ్యడానికి మనసొప్పలేదేమో. ఆశీర్వాదం చొక్కా విప్పి గుంతలోకి దిగి, "నువ్వు పైకి రా, కొంచేపు ఊపిరి తీసుకో," అన్నాడు. బాబు పైకి రాలేదు, పక్కకు జరిగాడు.

మిగిలినవాళ్ళు పందెం చూసే వచ్చారు, ఆలస్యంగా. వాళ్ళ పేర్లు రాయను, వాళ్ళల్లో కొందరు నాకు దగ్గరి చుట్టాలు.

రాతిపొర ఇంకా సగం ఉంది. అయ్యగారు వచ్చి పడమర వైపే చూస్తున్నారు. అప్పుడు కంచె దాటుకుని హులిగప్ప లోపలికి వచ్చాడు. దాయాదులు "ఏయ్, హులిగా" అని పిలిచారు. వాడు వినలేదు. తలగుడ్డ తీసి నడుముకు బిగించి, గుంత అంచున నిలబడి చెయ్యి చాపాడు.

"ఆ గడ్డపార ఈపక్కకియ్యి. తల పక్క నేను తవ్వుతా."

బాబు వాడి ముఖంలోకి చూసి గడ్డపార ఇచ్చాడు. మెట్ట చేను రైతు, ఆ రాయి తత్వం వాడికి తెలుసు. ఎక్కడ పోటేస్తే పొర ఊడుతుందో చూసి అక్కడే వేశాడు. ఇద్దరూ ఒకరి చెమట ఒకరి మీద పడేంత దగ్గరగా నిలబడి తవ్వారు.

పొద్దు ఎర్రగా కంచె మీదికి దిగేసరికి గుంత అయింది. యంకమ్మవ్వను తెచ్చారు. చిన్న మనిషి, చిన్న పెట్టె. అయ్యగారు వాక్యం చదివారు. పెట్టె కిందుగా తాళ్ళు వేశారు. తలవైపు తాడు ఒక కొస బాబు పట్టుకున్నాడు. రెండో కొస పట్టాల్సింది నేను, వంతు ప్రకారం. హులిగప్ప నా చేతి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేను పట్టుకోవచ్చునా తాతా?"

ఆశీర్వాదం గొంతు సవరించుకుని "సంఘం కట్టడి ప్రకారం..." అని మొదలుపెట్టాడు. నేను వాడి కాలు తొక్కాను. కొంచెం గట్టిగానే తొక్కాను. తాడు హులిగప్ప చేతిలో పెట్టాను.

ఒకే తాడు, ఆ పక్క వాడు, ఈ పక్క వీడు. ఇద్దరూ ఒకరి చేతుల్నొకరు చూసుకుంటూ, ఒరిగిపోకుండా, నిదానంగా దించారు. పిడికెడు మట్టి వేస్తూ హులిగప్ప, "వస్తారంటివి కదమ్మా, వచ్చినారు," అన్నాడు. అంతే అన్నాడు. వాడు మా గుడికి ఇప్పటిదాకా రాలేదు. వచ్చాడని చెబితే కథ బాగుంటుంది గానీ, ఇంత చెప్పాక ఆ ఒక్క అబద్ధం చెప్పబుద్ధి కావడం లేదు.

చేతులు కడుక్కునేటప్పుడు వాడు బాబు పక్కన చేరాడు. "ట్రాక్టరు పాయనంట నీకు?"

"పాయ."

"నా చేను దున్నాల. నా కాడ ఎద్దులే ఉండాయి. వస్తావా?"

బాబు ఆలోచించాడు. "ఎద్దులు రివర్సు పోవు కదా?"

"పోవు."

"అయితే నేర్చుకోవాల. వస్తా."

భీమప్ప గౌడ మళ్ళీ పిలవలేదు. దారిలో ఎదురైతే పలకరిస్తాడు, బాబు నమస్కారం పెడతాడు, అంతవరకే. ఆ బండి ఇప్పుడు ఇంకొకడు నడుపుతున్నాడు. షాపువాళ్ళ యూనిఫారంలో గోపీకృష్ణ బాగానే ఉన్నాడని విన్నాను. కెరోలిన్ మా ఊరి బడిలోనే చదువుతోంది. బాబు హులిగప్ప చేనులో ఎద్దుల వెనక నడుస్తున్నాడు. మొదటి చాలు పాము పోయినట్టు పోయింది, నేను గట్టు మీద నిలబడి నవ్వాను. ఇప్పుడు కొంచెం తిన్నగా పోతోంది.

మొన్న మజ్జిగ తాగేటప్పుడు అడిగాను. "ఏరా, ఆ కడెం పాయెనని బాధ ల్యా?"

"ఉండాది మామా," అన్నాడు వెంటనే. "యాల ఉండదు? రెండేండ్లు కలలో గూడ అదే చూస్తిని." చెంబు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. "బాధ ఉండాది. ఆయన కన్నా పెద్దది గాదు."

"మళ్ళీ అట్లే అయితే?"

"మళ్ళీ దిగుతా," అన్నాడు, లేచి ఎద్దుల దగ్గరికి పోతూ.